గడప దాటితే గారెలు

బోర్లా పడితే ఓళిగలు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు, గడప దాటితే గారెలు. ఈ వరస ఎవరు పెట్టారో గానీ, బిడ్డ చేసే ప్రతి ఘనకార్యానికీ ఇంట్లో పొయ్యి మీద బాణలి ఎక్కాల్సిందే. పాపం, బిడ్డకు పళ్లు కూడా సరిగా ఉండవు. పేరు బిడ్డది, తినేది పెద్దవాళ్లు. ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ ఇంట్లో ఈ వరస ఒక్కటీ తప్పలేదు. కోర్టు వాయిదాలు తప్పినా తప్పేవి గానీ మనవడి ముచ్చట్లు తప్పేవి కావు.

అందుకే పిల్లవాడు ముందరి గది హజారం నుంచి నడిమింట్లోకి, గడప మీద పొట్ట ఆనించి కాళ్లు అవతలికి జార్చి దిగిన రోజున కమలాక్షమ్మ అలసందలు నానబోసింది. గారెలు కాల్చే పని కోడలు ప్రమీలది. నూనెలోకి గారె వదులుతూ ప్రమీల ఒక మాట అనేసింది.

"ఇది లోపలి గడప గదత్తా. గడప దాటినాడు అనాలంటే వీధి గడప దాటాల."

కమలాక్షమ్మ తట్టలో గారెలు సర్దుతూ తలెత్తలేదు. "గడపంటే గడపే. మాడిపోతాండాయి చూడు," అంది.

ఆ ఇంటికి వీధి గడప లేక కాదు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన ఎత్తైన గడప, దాని మీద టేకు వాకిలి, ఆ వాకిలికి లోపలివైపు అడ్డంగా దూలమంత గడియ. గడియ పక్కన నులకమంచం, మంచం కింద ఈటె, మంచం మీద కాపలాకు యేసురత్నం. మగవాళ్లు చేనికో కోర్టుకో పోయేటప్పుడు ఆ గడియ తీస్తారు, వాళ్లు పోగానే వేస్తారు. ఆడవాళ్లకూ పిల్లవాడికీ ఆ వాకిలి గోడతో సమానం. వాకిలి అని పేరు పెట్టుకోవడం మర్యాద కోసమే.

మొదటి నుంచీ ఆ ఇల్లు అట్లా లేదు మరి. ప్రమీల నంద్యాల పిల్ల. నాయన రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా, ఇల్లు స్టేషను వెనక వీధిలో. రైలు కూతకు నిద్రలేచి, రైలు కూతకు నిద్రపోయి పెరిగిన మనిషి. 1974లో ఆళ్లగడ్డ నారాయణకిచ్చి పెళ్లి చేశారు. చేను ఉంది, కాలువ నీళ్లున్నాయి, పిల్లవాడు నెమ్మదస్తుడు, ఇంకేం కావాలి అనుకున్నారు. అప్పట్లో ఆ వాకిలి పొద్దున తెరిస్తే మళ్లీ పడుకునే ముందు మూసేవాళ్లు. దారిన పోయే ప్రతివాడూ పంచలో కూర్చుని ఇంత మజ్జిగ తాగి పోయేవాడు. అందరికంటే ఎక్కువగా ఓబులేసు వచ్చేవాడు. ఆయన కమలాక్షమ్మకు స్వయానా అన్న, నారాయణకు మేనమామ. వీధి అవతలి కొసన ఇల్లు. పెళ్లి పనులన్నీ ఆయన చేతి మీదుగానే జరిగాయి. పెళ్లి ఫోటోలో నారాయణ భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నది ఆయనే.

మరుసటి ఏడే కాలువ నీళ్ల వంతు దగ్గర ఓబులేసుకూ, ప్రమీల మామకూ మాటా మాటా పెరిగింది. పంచాయితీలు జరిగాయి, తెగలేదు. ఒక పొద్దున ఓబులేసు రమ్మన్నాడని కబురొస్తే, బావమరిది పిలిచాడు కదా అని ఆ పెద్దమనిషి ఉత్త చేతులతో చేని గట్టుకు పోయాడు. తిరిగి రాలేదు. చేయించింది ఎవరో ఊరంతటికీ తెలుసు. కోర్టుకు తెలియడానికి మాత్రం ఏళ్లు పట్టేట్టు ఉంది. ప్రమీల అప్పుడు కాన్పు కోసం నంద్యాలలో పుట్టింట ఉంది. కొడుకు పుట్టాడు. ఐదో నెలలో తల్లినీ బిడ్డనూ తెరలు కట్టిన జీపులో తెచ్చి, వాకిలి ముందు దించి, లోపలికి పంపి గడియ వేశారు. అంతే.

పిల్లవాడికి పోయిన పెద్దాయన పేరే పెట్టారు. మామ పేరు కోడలు నోటితో పలకకూడదు కాబట్టి, కన్నకొడుకును పేరు పెట్టి పిలిచే భాగ్యం కూడా ప్రమీలకు లేకపోయింది. చిన్నోడా అనేది. వాడు అందరికీ చిన్నోడే అయ్యాడు.

ప్రమీల తమ్ముడు శ్రీనివాసులు నంద్యాలలో ఒక పుస్తకాల అంగడిలో పనిచేసేవాడు. బడి పుస్తకాలు, పలకలు, బలపాలు అమ్మే అంగడి. అక్కను చూడటానికి వచ్చినప్పుడల్లా సంచిలో ఒక బొమ్మల పుస్తకం ఉండేది. సంచి సోదా చేయడం యేసురత్నం పని. బొమ్మల పుస్తకం దొరికిందంటే ఆ సోదా కాస్త ఎక్కువసేపు సాగేది. పేజీలన్నీ తిప్పి, తెల్ల ఎలుగుబంటి దగ్గర ఆగి, మన నల్లమలలో ఇట్లాంటిది లేదని తీర్పు చెప్పి, అప్పుడు లోపలికి పంపేవాడు.

చిన్నోడికి అన్నిటికంటే నచ్చింది మొదట తెచ్చిన అట్టల పుస్తకం. పేజీకొక బొమ్మ. ఆవు, కాకి, బావి, చందమామ, బస్సు, రైలు. దొడ్లో గోడ నీడన కూర్చుని తల్లి అడగడం, వాడు వేలు పెట్టి చూపడం. ఆవు ఏది అంటే పుస్తకంలో ఆవును చూపి, పశువుల పాక వైపు చెయ్యి ఊపేవాడు. కాకి మిద్దె మీద ఉంది. బావి దొడ్లోనే ఉంది. చందమామను చూడటానికి ఎవరూ వాకిలి తీయక్కర్లేదు. ఎటొచ్చీ బస్సు దగ్గరే చిక్కు వచ్చింది.

ఆ ఇంటి పక్కనుంచే వీధి పోయి పెద్ద రోడ్డును కలుస్తుంది. పిలిస్తే పలికే దూరం. నంద్యాల బస్సు ఆ మలుపులో హారన్ కొడితే ఇంట్లో గోడకు పెట్టిన ఇత్తడి తట్టలు గలగలమనేవి. ఒక మధ్యాహ్నం హారన్ వినపడగానే చిన్నోడు పుస్తకం పట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తాడు. బస్సు పేజీ తీసి గోడకు ఆనించి, దాని మీద చెవి పెట్టాడు. తల్లి వైపు తిరిగి, "బస్సు," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

వాడి లెక్కలో బస్సంటే గోడలో ఉండే చప్పుడు. దాని బొమ్మ పుస్తకంలో ఉంటుంది. అది వస్తుందనీ, పోతుందనీ, అందులో మనుషులు ఎక్కుతారనీ వాడికేం తెలుసు? ప్రమీల వాణ్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. తర్వాత వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తను రైళ్లు లెక్కపెడుతూ పెరిగింది. తన కొడుకు గోడకు చెవి పెట్టి పెరుగుతున్నాడు.

నాలుగు రోజులు నంద్యాల పంపమని మొగుణ్ని అడిగింది. నారాయణ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన తంటా. చెడ్డవాడైతే నోరారా తిట్టుకోవచ్చు. అతను తల వంచుకుని నిజమే చెప్పాడు. దారిలో బస్సు ఆపి మనిషిని దించిన సంగతులు ఈ చుట్టుపక్కల లేకపోలేదు. వెంట మనుషుల్ని పంపితే ఎదుటివాళ్లకు కబురు పంపినట్టే. పంపకపోతే గాలికి వదిలినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చిన్నోడికి మాటలు కూడా ఒక్కొక్కటే వచ్చేవి. రెండేళ్లు నిండాక బిడ్డలు రెండు మాటలు కలుపుతారని ప్రమీల ఆశ. బస్సు బొమ్మ చూపి ఎర్ర బస్సు అనమంటే బస్సు అనేవాడు. ఎర్ర అంటే చాలా సేపు ఆలోచించి, మళ్లీ బస్సు అనేవాడు. ఎరుపుతో వాడికి పని లేదు.

ఈ బొమ్మల ఆట కమలాక్షమ్మకు కూడా బాగా నచ్చింది. ఆమెకు చదువు రాదు. బొమ్మలకు చదువు అక్కర్లేదు కదా. మొగుడు పోయాక నవ్వు మరిచిపోయిన మనిషి, మనవడి కోసం ఏనుగు బొమ్మ దగ్గర చెయ్యి తొండంలా ఊపేది. ఆమె నవ్వుతుంటే ప్రమీలకు కూడా మనసు చల్లబడేది. ఒక రోజు పుస్తకం అయిపోయింది, పిల్లవాడు ఇంకా అంటున్నాడు. కమలాక్షమ్మ చుట్టూ చూసి, గోడకున్న పెళ్లి ఫోటో దించి ఒళ్లో పెట్టుకుంది.

మొదట బాగానే సాగింది. అమ్మ ఏది, నాయన ఏడి, జేజి ఏది. జేజి అంటే నాయనమ్మ, తనే. పెద్దాయన బొమ్మ దగ్గర మీ జేజినాయన అని చూపి, కళ్లు తుడుచుకుంది. తర్వాత మనవడి వేలు పట్టుకుని ఓబులేసు ముఖం మీద పెట్టింది.

"వీడు సంపినోడు. మీ జేజినాయన్ని సంపినోడు. ఏడీ, సంపినోడు ఏడి?"

పిల్లవాడు వేలు తీసి, మళ్లీ తనంతట తానే అక్కడే పెట్టాడు. కమలాక్షమ్మ కొంగు ముడి విప్పి వాడి అరచేతిలో బెల్లం ముక్క పెట్టింది.

నాలుగు రోజుల్లో అది ఇంటికంతా వేడుక అయింది. సాయంత్రం మగవాళ్లు చేని నుంచి వచ్చి హజారంలో కూర్చోగానే ఫోటో కిందికి దిగేది. సంపినోడు ఏడిరా అని ఒకరు అడగడం, వాడి చిట్టి వేలు తప్పకుండా పోయి ఆ ముఖం మీద వాలడం, అందరూ చప్పట్లు కొట్టడం, వాడు బెల్లం కోసం అరచెయ్యి చాపడం. ఒక సాయంత్రం వాడు ఆ మాట కూడా పలికాడు. అమ్మ, బస్సు, కాకి లాంటి పొట్టి మాటలు తప్ప రాని బిడ్డకు వచ్చిన మొదటి పొడుగు మాట అది. పలుకులకు చిలకలు కదా. కమలాక్షమ్మ మరునాడే బజారు నుంచి పంచదార చిలకలు తెప్పించి అందరికీ పంచింది. ప్రమీల చేతిలో కూడా ఒకటి పెట్టింది. ప్రమీల దాన్ని తినలేకపోయింది, పారేయలేకపోయింది. అది చేతిలోనే కరిగింది.

పసిబిడ్డకు ఆ మాటలెందుకని అత్తను అడిగితే, మొక్కప్పుడు వంగంది మానైనంక వంగుతాదా అంది. మొగుణ్ని అడిగితే అతను తల వంచుకునే చెప్పాడు.

"గుర్తుపట్టడం రావాల, ప్రమీలా. గుర్తుపట్టనోడే ముందు పోతాడు. మా నాయన బావమరిది అనుకోని పోయినాడు."

ప్రమీలకు ఆ మాట మీద ఆలోచన ఆగలేదు. బస్సు అంటే ఏమిటో తెలియకముందే శత్రువు అంటే తెలిసిన బిడ్డకు రేపు వాకిలి తెరిచినా ఏం లాభం? వాడు బయటికి పోయేది ఆ ముఖాన్ని వెతుక్కుంటూనే. ఆ ముఖానికి వాడి దగ్గర ఒకే ఒక్క మాట ఉంటే, వాడి బతుకంతా ఆ ఒక్క మాటతోనే అయిపోతుంది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళకు ప్రమీల ఫోటో దించేది. ఓబులేసు మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. మామ పోయిన తీరు తలుచుకుంటే ఆమెకూ కడుపు మండేది. అయినా కొడుకు వేలు పట్టుకుని ఆ ముఖం మీద పెట్టి, తాత అని చెప్పేది. అబద్ధం కాదు కదా. జేజికి అన్న, వాడికి తాతే. ఇవ్వడానికి ఆమె కొంగున బెల్లం లేదు. ముద్దు ఇచ్చేది. వాడు మధ్యాహ్నం తాత అనేవాడు, సాయంత్రం సంపినోడు అనేవాడు. ఎక్కడి మాట అక్కడ పలికే తెలివి వాడికి ఎక్కడిదో! సాయంత్రం ఫోటో దించినప్పుడల్లా మగవాళ్ల ముందు ఏ మాట అంటాడోనని ప్రమీలకు భయం. వంటింట్లో గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగి వినేది.

ఏటా సంక్రాంతి వెళ్లగానే అహోబిలం స్వామి పార్వేటకు బయలుదేరతాడు. తన పెళ్లికి రండని పల్లకీలో ఊరూరా తిరిగి పిలుస్తాడు. ఆ పల్లకీ వీధిలోకి వచ్చినప్పుడు మోసే హక్కు ఆ రెండిళ్లకూ తాతల నాటి నుంచీ ఉంది. పల్లకీ మోసే కర్రల్లో ముందు దండె నారాయణ ఇంటిది, వెనక దండె ఓబులేసు ఇంటిది. దండె భుజానికెత్తుకున్నవాడు వీధి కొసదాకా చెయ్యి తీయకూడదు. వాకిలి వాకిలికీ పల్లకీ ఆగుతుంది, ఇంటి ఇల్లాలు హారతి ఇస్తుంది, పళ్లెంలో కర్పూరం కొండెక్కేదాకా పల్లకీ కదలకూడదు. ఇవి ఆ వీధి కట్టుబాట్లు. ఇంత రక్తం కారిన తర్వాత కూడా దండె వదులుకోవడానికి ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. పరువు ఒకటి ఏడ్చింది కదా! అందుకని ఏడాదికి ఒక పొద్దున నారాయణ తన తండ్రిని చంపించినవాడికి వీపు ఇచ్చి, ఒకే దేవుణ్ని వాడితో కలిసి మోసేవాడు.

1978 మాఘంలో పల్లకీ వచ్చినప్పుడు, మనవణ్ని దాని కింద దూరిస్తే స్వామి కాపాడతాడని కమలాక్షమ్మ మొక్కుకుంది. పల్లకీ ఉన్నంతసేపు ఎవరూ కత్తి తీయరు. అది కూడా కట్టుబాటే. పొద్దున యేసురత్నం గడియ తీశాడు. వాకిలి రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. ఎండ నడిమిల్లు దాకా వచ్చి పడింది.

ఎత్తుకుని దాటిస్తానన్న యేసురత్నాన్ని ప్రమీల ఆపింది. చిన్నోడు అట్టల పుస్తకం చంకన పెట్టుకుని వీధి గడప దగ్గరికి పోయాడు. పొట్ట ఆనించాడు. కాళ్లు అవతలికి జార్చాడు. నిలబడ్డాడు. వీధి మొదట్లో, పెద్ద రోడ్డు మీద నంద్యాల బస్సు ఆగి ఉంది. డ్రైవరు స్వామికి టెంకాయ కొట్టుకుందామని దిగి వస్తున్నాడు. పిల్లవాడు బస్సును చూశాడు. పుస్తకం చూశాడు. వెనక్కి తిరిగి ఇంటి గోడను చూశాడు. "బస్సు," అన్నాడు, గుసగుసగా.

తప్పెట్లు మోగుతూ పల్లకీ వచ్చి వాకిలి ముందు ఆగింది. ముందు దండె కింద నారాయణ, ముఖం పెద్ద రోడ్డు వైపు. వెనక దండె కింద ఓబులేసు, నెరిసిన మీసాలు, భుజం మీద మడత పెట్టిన కండువా. కమలాక్షమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించింది. నారాయణ కాళ్ల దగ్గర పిల్లవాణ్ని వదిలి, ప్రమీల అవతల అందుకోవడానికి వెనకవైపు నిలబడింది. వాడు వంగి పల్లకీ నీడలోకి దూరి, బుడిబుడి నడకతో ఇవతలికి వచ్చాడు. తలెత్తాడు.

ఎదురుగా ఫోటోలోని ముఖం. బస్సు పుస్తకంలోంచి వచ్చినట్టే అదీ వచ్చింది. చిన్నోడి కళ్లు విచ్చుకున్నాయి. వేలు లేచింది. ప్రమీల వాణ్ని అందుకోబోయింది.

"తాత," అన్నాడు వాడు. తర్వాత ఇంకా గట్టిగా, సంబరంగా, "తాత సంపినోడు."

బెల్లం కోసం అరచెయ్యి చాపాడు.

రెండు మాటలు కలిపాడు. ఏ ముచ్చట కోసం ఆ తల్లి ఇన్నాళ్లు కాచుకుందో అది వీధి నడుమ, అందరి ముందు జరిగింది. తప్పెట్ల వాళ్లు ఆగిపోయారు. ఓబులేసు రెండు చేతులూ దండె మీద ఉన్నాయి. కిందికి చూశాడు. చాపిన అరచెయ్యి ఆయన మోకాలి దగ్గర ఉంది.

"కమలా, నువ్వు నేర్పినావా?" అన్నాడు. బావ పోయాక ఆయన చెల్లెలితో మాట్లాడిన మొదటి మాట అది.

"సంపినోడని నేనే నేర్పినా," అంది కమలాక్షమ్మ. "తాతని ఎవురు నేర్పినారో నాకు తెలీదు."

"నేను నేర్పినా, అత్తా," అంది ప్రమీల.

కమలాక్షమ్మ కోడలి వైపు చూసింది. అరుస్తుందేమో అనుకుంది ప్రమీల. అరవలేదు. ఇంతలో ఓబులేసు వెనకున్న మనుషుల్లో ఒకడు నవ్వాడు.

"ఇంత లేడు, అప్పుడే ఏలు చూపిస్తాండాడు. పెద్దయితే ఏం చూపిస్తాడో!"

ఓబులేసు వాణ్ని గదమాయించలేదు. నోర్ముయ్యి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పిల్లవాడి ముఖం చూసి, మెల్లగా చూపు తిప్పుకున్నాడు. తనతో కలిసి పెరిగిన అన్న ఊరుకోవడానికి అర్థం ఏమిటో కమలాక్షమ్మకు ఇంకొకరు చెప్పాలా? గుర్తుపట్టడం నేర్పింది తనే. ఇప్పుడు వాళ్లూ వీణ్ని గుర్తుపెట్టుకున్నారు. కొరివితో తల గోక్కున్నట్టు అయింది.

పళ్లెంలో కర్పూరం చిన్నదవుతోంది. అవతల డ్రైవరు కొట్టిన టెంకాయ చిప్ప తీసుకుని బస్సు వైపు నడుస్తున్నాడు. కమలాక్షమ్మ కొంగు ముడి విప్పి, ఇంకో కర్పూరం బిళ్ల తీసి మంట మీద వేసింది. పెదవులు కదిలీ కదలకుండా కోడలితో అంది.

"బస్సెక్కు."

ప్రమీలకు అర్థం కాలేదు.

"నిలబడినావేంది మే? కర్పూరం ఉండేదాకానే."

అప్పుడు అర్థమైంది. పళ్లెంలో మంట ఉన్నంతసేపు ఆ వీధిలో మగవాళ్లెవరూ కదలరు. దండె మోసేవాళ్లు మోయాలి, వెనకున్నవాళ్లు చేతులు జోడించి నిలబడాలి. ప్రమీల కొడుకును చంకనేసుకుని నడిచింది. పరిగెత్తలేదు. పరిగెత్తితే పారిపోతున్నట్టు తెలిసిపోతుంది. నారాయణ ముందునుంచే పోవాలి. పోయింది. అతను చూశాడు. ప్రమీలా అన్నాడు మెల్లగా. తల్లి వైపు చూశాడు. ఆమె మూడో బిళ్ల వేస్తోంది. అతని చెయ్యి దండె మీద నుంచి కదలలేదు. కదలకూడదని కదల్లేదో, కదలడం ఇష్టం లేక కదల్లేదో ప్రమీలకు తర్వాత ఎన్నేళ్లకూ తెలియలేదు. అడిగే ధైర్యం లేదు.

బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే పల్లకీ అక్కడే ఉంది, పళ్లెంలో మంట అట్లాగే ఉంది. టికెట్టు సంగతి నంద్యాలలో తమ్ముడు చూసుకుంటాడని కండక్టరుకు చెప్పింది. చిన్నోడు మాత్రం సీటును అరచేత్తో తట్టి తట్టి చూస్తున్నాడు. "ఎర్ర బస్సు అను," అంది ప్రమీల, కళ్లు తుడుచుకుంటూ. "బస్సు," అన్నాడు వాడు.

నంద్యాల చేరినంత మాత్రాన ఒడ్డున పడ్డట్టు కాదు. వీధిలో జీపు చప్పుడైతే చాలు, ప్రమీల లేచి తలుపు గడియ వేసేది. బిడ్డను అరుగు మీద కూడా ఒంటరిగా వదిలేది కాదు. గడియ వేసుకునే రోగం తనకు కూడా అంటుకుందని తనను తానే తిట్టుకునేది. తర్వాత తర్వాత తమ్ముడితో పాటు పుస్తకాల అంగడిలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఎనభైల్లో ఆ అంగడికి పోయిన తల్లులకు ఆమె గుర్తుండే ఉంటుంది. ఏ బిడ్డకు ఏ బొమ్మల పుస్తకమో ముఖం చూసి తీసి ఇచ్చేది. నారాయణ అప్పుడప్పుడు వచ్చి, కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, పుస్తకంలో ఆవును చూపించి పోయేవాడు. రమ్మని అడగలేదు, ఉండమంటే ఉండలేదు. కమలాక్షమ్మ అసలు రాలేదు. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. మొదటి వారంలోనే జరిగింది ఒకటుంది.

ఒక పొద్దున తలుపు చప్పుడైంది. సందులోంచి చూస్తే యేసురత్నం. తమను తీసుకుపోవడానికి వచ్చాడనుకుంది ప్రమీల. వాడి చేతిలో ఈటె లేదు, మూతకు గుడ్డ కట్టిన డబ్బా ఉంది. లోపలికి వచ్చి, డబ్బా కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి, ఇల్లంతా కలయజూసి, అప్పుడు చెప్పాడు. వాకిలి మళ్లీ మూసేశారంట. పెద్దమ్మ రోజంతా దొడ్లో గోడ నీడన కూర్చుంటోందంట. బస్సు హారన్ కొట్టినప్పుడల్లా గోడ వైపు చూస్తుందంట.

ప్రమీల గుడ్డ విప్పి మూత తీసింది. నిండా గారెలు. అలసంద గారెలు, అత్త చేత్తో కాల్చినవి, దారిలో చల్లబడి గట్టిపడ్డవి.

"నిన్న ఒక్కతే కూర్చోని కాల్చింది, చిన్నమ్మా," అన్నాడు యేసురత్నం. "నీకొక మాట చెప్పమనింది. వీధి గడపే గడపంట."

ప్రమీల కొంగులో ముఖం దాచుకుంది. చిన్నోడు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక గారె తీసుకుని కొరికాడు. ఈసారి వాడికి పళ్లున్నాయి. నమిలి మింగి, ఇంకొకటి తీసి, జేజికి ఇవ్వాలని ఇల్లంతా వెతికాడు.